దరఖాస్తు తప్పు ఆఫీసుకెళ్తే తప్పెవరిది?

ఒకే మండలంలో పనిచేసే ముగ్గురు టీచర్లను తీసుకుందాం. ముగ్గురికీ జీతం ఒకటో తారీఖున (పడితే) ఒకే ట్రెజరీ నుంచి పడుతుంది. మొదటాయన పాత సర్వీసు, ప్రభుత్వ పాఠశాల. ఆయన జీపీఎఫ్ (ప్రభుత్వోద్యోగుల భవిష్య నిధి) ఖాతా అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో ఉంటుంది. రెండో ఆయనదీ పాత సర్వీసే, కానీ జిల్లా పరిషత్ హైస్కూలు. ఆయన పీఎఫ్ లెక్క జడ్పీ ఆఫీసులో ఉంటుంది. మూడో ఆవిడ 2004 సెప్టెంబర్ 1 తర్వాత ఉద్యోగంలో చేరారు కాబట్టి ఆవిడకు జీపీఎఫే లేదు. ఉన్నది సీపీఎస్, అంటే ఉద్యోగీ ప్రభుత్వమూ చెరికొంత జమచేసే పెన్షన్ పథకం. దాని లెక్కలు రాసేది సెంట్రల్ రికార్డ్ కీపింగ్ ఏజెన్సీ, దాన్ని నియంత్రించేది పెన్షన్ల నియంత్రణ సంస్థ పీఎఫ్‌ఆర్‌డీఏ.

ముగ్గురి జీతంలోంచీ ఒక నెల కోత జరిగి, అది ఖాతాలో పడలేదనుకోండి. ఉద్యోగుల భాషలో దీన్ని మిస్సింగ్ క్రెడిట్ అంటారు. ముగ్గురూ మొదట పరుగెత్తేది మాత్రం ట్రెజరీకే. డబ్బు చేతికొచ్చేది అక్కడి నుంచే కదా! అక్కడి గుమస్తా ‘మా దగ్గర బిల్లు పాసైపోయింది’ అంటాడు. ఆయన అబద్ధమాడటం లేదు. సరిదిద్దే అధికారం ఆయనకు లేదు, అంతే.

పెన్షన్లు, ఆరోగ్య బీమా గురించి మన దగ్గర జరిగే తిప్పటలో సగం ఇక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం. ప్రతి ప్రయోజనం వెనకా నలుగురుంటారు. కోసేవారు ఒకరు, దాచేవారు ఒకరు, మంజూరు చేసేవారు ఒకరు, చివరికి చేతికిచ్చేవారు ఒకరు. మనకు కనిపించేది ఆఖరివారే. పొరపాటును సరిచేసే అధికారం చాలాసార్లు లేనిదీ వారికే. రాష్ట్ర ప్రభుత్వ పెన్షనరు విషయంలో కాగితాలు తయారుచేసేది ఆయన పనిచేసిన ఆఫీసు, అధికారమిచ్చేది అకౌంటెంట్ జనరల్ (ఏజీ), చెల్లించేది ట్రెజరీ. కేంద్ర ఉద్యోగి అయితే శాఖ నుంచి సెంట్రల్ పెన్షన్ అకౌంటింగ్ ఆఫీసుకూ, అక్కణ్నుంచి బ్యాంకుకూ వెళ్తుంది. మాజీ సైనికుడి పెన్షన్ మంజూరయ్యేది ప్రయాగ్‌రాజ్‌లో, ఇప్పుడు స్పర్శ్ పోర్టల్ ద్వారా. ప్రైవేటు ఉద్యోగిదైతే కేంద్ర పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌ఓ. పెన్షన్ మంజూరు పత్రమైన పీపీఓలో భార్య పేరు ఒక అక్షరం తప్పు పడితే, పాస్‌బుక్ మీదున్న బ్యాంకు దాన్ని దిద్దలేదు. దిద్దాల్సిన ఆఫీసును ఆ పెద్దమనిషి బహుశా జీవితంలో ఒక్కసారి కూడా చూసి ఉండడు.

నవంబర్‌లో ఏదైనా మీసేవ సెంటర్ దగ్గర కాసేపు నిలబడితే ఇది కళ్లకు కడుతుంది. బతికే ఉన్నామని చూపే జీవన్ ప్రమాణ్ సర్టిఫికెట్ల కోసం వరుస కట్టినవాళ్లలో రిటైరైన ఆర్టీసీ డ్రైవరొకాయన ఉంటాడు.

“తాతా, నీ పింఛను ఎవరిస్తరు? సర్కారా, బ్యాంకా?” అంటాడు కంప్యూటర్ ముందున్న కుర్రాడు.

“ఎవరైతే ఏంది బిడ్డా. ఆర్టీసీల చేసిన. పైసలు బ్యాంకుల పడ్తయ్.”

ఆ అప్లికేషన్‌లో పెన్షన్ మంజూరు చేసిన సంస్థ ఏది, చెల్లించే సంస్థ ఏది అని రెండు వేర్వేరు గడులుంటాయి. ఆర్టీసీ అంటే సర్కారు బస్సే కాబట్టి కుర్రాడు రాష్ట్ర ప్రభుత్వం అని నొక్కుతాడు. వేలిముద్ర తీసుకుంటుంది, ప్రమాణ్ ఐడీ వస్తుంది, ఫోన్‌కు మెసేజ్ కూడా వస్తుంది. తాత హాయిగా ఇంటికెళ్తాడు. కానీ ఆయన పెన్షన్ 1995 నవంబర్ 16న మొదలైన ఈపీఎస్ అనే పీఎఫ్ పెన్షన్ పథకం కింద ఈపీఎఫ్‌ఓ ఇచ్చేది. సర్టిఫికెట్ వెళ్లాల్సిన చోటికి వెళ్లలేదు. పాత సర్టిఫికెట్ గడువు అయిపోయాక పెన్షన్ ఆగుతుంది, అప్పుడాయన బ్యాంకుకు వెళ్తాడు. ఇంకో సంగతి. ఈపీఎస్ పెన్షనర్లకు నవంబర్ నిబంధనే లేదు. ఏడాదిలో ఎప్పుడిచ్చినా ఆ రోజు నుంచి ఏడాది పాటు చెల్లుతుంది. అందరూ వెళ్తున్నారని ఆ రద్దీలో వీళ్లూ నిలబడుతున్నారు.

ఈ కథలో తాతది తప్పా? కుర్రాడిదా? నన్నడిగితే ఇద్దరిదీ కాదు. ఆధార్ నంబరుతో వేలిముద్రను పోల్చగలిగిన వ్యవస్థ, పీపీఓ నంబరు చూసి అది ఎవరు ఇచ్చిన పెన్షనో తనంతట తాను పోల్చుకోలేదా? ఆ పని డెబ్బయ్యేళ్ల మనిషి నోటికీ, మీసేవ కుర్రాడి ఊహకూ ఎందుకు వదిలేయాలి?

ఫ్యాక్టరీ కార్మికుల కుటుంబాల దగ్గర ఇది ఇంకా కష్టంగా ఉంటుంది. పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో పీఎఫ్, ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) రెండూ ఉన్న కార్మికుడు యంత్రం దగ్గర ప్రమాదంలో చనిపోయాడనుకుందాం. భార్యకు రావాల్సినవి కనీసం ఐదు. పీఎఫ్ నిల్వ, ఈడీఎల్‌ఐ అనే బీమా సొమ్ము, వితంతు పెన్షన్ మూడూ ఈపీఎఫ్‌ఓ ఇవ్వాలి. మూడింటినీ ఒకే ఉమ్మడి ఫారంలో అడగొచ్చు. పని ప్రమాదంలో పోయాడు కాబట్టి ఆధారపడినవారి భృతి ఈఎస్‌ఐ కార్పొరేషన్ నుంచి రావాలి. అది జీతంలో 90 శాతం లెక్కన నెలనెలా వస్తుంది. గ్రాట్యుటీ యజమాని ఇవ్వాలి, ఇవ్వకపోతే కార్మిక శాఖ దగ్గరికెళ్లాలి. మామూలుగా గ్రాట్యుటీకి ఐదేళ్ల సర్వీసు కావాలి, మరణిస్తే ఆ షరతు లేదు.

వీటిలో ఎక్కువమందికి తెలియనిది ఈడీఎల్‌ఐ. గరిష్ఠంగా 7 లక్షల దాకా వచ్చే బీమా అది. 1976 నుంచి ఉంది. మరి ఎందుకు తెలియదు? దానికోసం కార్మికుడి జీతంలోంచి పైసా కోయరు, మొత్తం యజమానే కడతాడు. పేస్లిప్‌లో కోత కనిపించనిది ఇంట్లో మాటల్లోకి రాదు. పీఎఫ్ గురించి ప్రతి ఇంట్లో తెలుసు, నెలనెలా 12 శాతం పోతుంది కాబట్టి. దాని పక్కనే ఉన్న బీమా గురించి దినకర్మల రోజు ఎవరో బంధువు చెబితే తెలియాలి. లేదా ఏజెంటు చెప్పాలి, కమీషన్ మాట్లాడుకున్నాక.

ఆ దరఖాస్తు ఏ పీఎఫ్ ఆఫీసుకు వెళ్లాలన్నది మళ్లీ ఇంకో చిక్కు. మనం ఉండే ఊరిని బట్టి కాదు, కంపెనీ ఎక్కడ నమోదైందన్న దాన్ని బట్టి. శ్రీకాకుళం మనిషి చెన్నైలో పనిచేస్తే అతని ఫైలు చెన్నైలోనే ఉంటుంది. ఖాతా నంబరు ముందుండే అక్షరాలే ఆఫీసు గుర్తు. హైదరాబాద్ పాత ఖాతాలకు ముందు ‘ఏపీహెచ్‌వైడీ’ అని ఉంటుంది. రాష్ట్రం విడిపోయి పదేళ్లు దాటినా ఆ ఏపీ అలాగే మిగిలిపోయింది. 2025 జనవరి నుంచి ఈపీఎస్ పెన్షన్‌ను దేశంలో ఏ బ్యాంకు ఏ శాఖలోనైనా తీసుకునే ఏర్పాటు వచ్చింది. మంచి మార్పే. కానీ అది చేతికిచ్చే దగ్గర వచ్చిన మార్పు. సర్వీసు వివరాల్లో తేడాలుంటే మాత్రం పాత ఆఫీసు దారే.

ఇక ఈఎస్‌ఐ. బయటి నుంచి చూస్తే ఒకే సంస్థలా ఉంటుంది, లోపల రెండు ప్రభుత్వాలున్నాయి. చందా వసూలు చేసేది, సెలవు రోజులకు నగదు భృతి ఇచ్చేది కేంద్ర కార్మిక శాఖ కింద ఉన్న ఈఎస్‌ఐ కార్పొరేషన్. ఉద్యోగి 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడతారు. మీ వీధి చివర ఉన్న డిస్పెన్సరీ మాత్రం రాష్ట్ర కార్మిక శాఖలోని ఇన్సూరెన్స్ మెడికల్ సర్వీసెస్ (ఐఎంఎస్) నడిపేది. ఖర్చులో ఎనిమిది వంతుల్లో ఏడు కార్పొరేషన్, ఒకటి రాష్ట్రం భరిస్తాయి. డిస్పెన్సరీలో షుగర్ మాత్రలు లేవని కార్పొరేషన్ బ్రాంచి ఆఫీసులో ఫిర్యాదు చేస్తే వాళ్లు చేసేదేమీ ఉండదు. నగదు భృతి రాలేదని డిస్పెన్సరీ డాక్టర్ని నిలదీస్తే ఆయనా చేసేదేమీ ఉండదు. సనత్‌నగర్‌లోని పెద్దాసుపత్రి మళ్లీ నేరుగా కార్పొరేషన్‌దే. 2019లో తెలంగాణలో ఏసీబీ బయటపెట్టిన మందుల కొనుగోళ్ల కుంభకోణం రాష్ట్ర ఐఎంఎస్‌లో జరిగింది. జనం మాత్రం ‘ఈఎస్‌ఐ స్కామ్’ అన్నారు. పత్రికలూ అలాగే రాశాయి. బాధ్యత ఎవరిదో స్పష్టంగా లేనిచోట నింద అందరికీ సమానంగా పంచుకుపోతుంది, అంటే ఎవరికీ గట్టిగా తగలదు.

ఈఎస్‌ఐలోనే ఇంకోటుంది. కనీసం ఐదేళ్లు బీమా కింద పనిచేసి రిటైరైన కార్మికుడు ఏడాదికి 120 రూపాయలు కడితే తనకూ, భార్యకూ వైద్యం కొనసాగుతుంది. నెలకు పది రూపాయలు. రిటైరయ్యే రోజు శాలువా కప్పే యాజమాన్యాలు ఈ ముక్క ఒక కాగితం మీద రాసిస్తే ఎంత బాగుండు!

ఆరోగ్య బీమా వైపు గందరగోళం వేరే రకం. ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ ట్రస్టు, తెలంగాణలో ఆరోగ్యశ్రీ ట్రస్టు పేదల పథకాన్నీ, ఉద్యోగుల హెల్త్ స్కీమునూ రెండింటినీ చూస్తాయి. ట్రస్టు ఒకటే, కార్డులు వేరు, కార్డులో పేరు దిద్దే దారులూ వేరు. ఉద్యోగికైతే జీతం బిల్లు పెట్టే అధికారి (డీడీవో), పెన్షనరుకైతే సబ్ ట్రెజరీ అధికారి. కేంద్ర పెన్షనరు వీటిలో దేనికీ చెందడు, ఆయనది సీజీహెచ్‌ఎస్. మాజీ సైనికుడిది ఈసీహెచ్‌ఎస్. 70 ఏళ్లు నిండినవారికి 2024 అక్టోబర్‌లో వచ్చిన వయోవందన కార్డు జాతీయ ఆరోగ్య సంస్థది. ఒకే ఇంట్లో తాతకు ఒకటి, కొడుక్కు ఒకటి, కోడలి కంపెనీ ఇచ్చిన గ్రూపు పాలసీ ఇంకొకటి ఉండటం ఇప్పుడు మామూలే. ఆసుపత్రి కౌంటర్‌లో ఏ కార్డు తీయాలన్న టెన్షన్, లోపలున్న రోగి గురించిన టెన్షన్‌కు అదనం.

ప్రైవేటు పాలసీ అయితే క్లెయిము తిరస్కరించగానే చాలామంది ఐఆర్‌డీఏఐ పేరెత్తుతారు. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది కాబట్టి మనవాళ్లకు ఆ ధీమా ఇంకాస్త ఎక్కువ. అది కంపెనీలను నియంత్రించే సంస్థ, మీ కేసులో తీర్పు చెప్పదు. దాని బీమా భరోసా పోర్టల్‌లో పెట్టిన ఫిర్యాదు తిరిగి కంపెనీకే వెళ్తుంది. తీర్పు చెప్పేది బీమా అంబుడ్స్‌మన్. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా అక్కడికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా వినే అధికారముంది. అయితే ఏడాదిలోపు వెళ్లాలి. అదే విషయం మీద అప్పటికే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసి ఉంటే అంబుడ్స్‌మన్ తలుపు మూసుకుపోతుంది. అంటే ఇక్కడ ముందు ఏ మెట్టెక్కామన్నదే తర్వాతి దారిని నిర్ణయిస్తుంది. ఈ సంగతి తిరస్కరణ లేఖలో అందరి కంటికీ ఆనేంత అక్షరాల్లో ఉండాలి.

ఇది మనకే ఉన్న జబ్బు అనుకోనక్కర్లేదు. అమెరికాలో 65కు చేరుతున్న తొలితరం తెలుగువాళ్లు ఇప్పుడు వేలల్లో ఉన్నారు. అక్కడ మెడికేర్ నడిపేది ఒక సంస్థ, అందులో పేరు నమోదు చేసుకోవాల్సింది మాత్రం సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో. నమోదుకు 65వ పుట్టినరోజు నెల చుట్టూ ఏడు నెలల గడువుంటుంది. వేరే కవరేజీ లేకుండా దాన్ని దాటబెడితే ప్రీమియం మీద జరిమానా జీవితాంతం పడుతుంది. కాకపోతే ఏ ప్రశ్నకు ఏ ఆఫీసన్నది వాళ్లు ఉత్తరాల్లో రాసి పంపిస్తారు.

మన దగ్గర దీనికి పరిష్కారం కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు, చట్టంలోనే ఒక నమూనా ఉంది. సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(3) ప్రకారం, దరఖాస్తు తమకు సంబంధించనిదైతే అధికారి దాన్ని ఐదు రోజుల్లోగా సరైన ఆఫీసుకు పంపి, ఆ సంగతి దరఖాస్తుదారుకు చెప్పాలి. ఎటు పంపాలో తెలుసుకునే బాధ్యత ఆఫీసు మీద పెట్టారు, జనం మీద కాదు. 2005 నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది, ఆకాశమేమీ ఊడిపడలేదు. ఫైలు సమాచారం అడిగినవాడికి ఉన్న ఈ సౌకర్యం, ఆగిపోయిన పెన్షన్ గురించి అడిగే వితంతువుకు ఎందుకు ఉండకూడదు?

కేంద్రం ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్ ఉంది కదా అనొచ్చు. ఉంది. ఫిర్యాదు పరిష్కారానికి 2024లో 21 రోజుల గడువు కూడా పెట్టారు. కానీ అందులోకి వెళ్లగానే అడిగే మొదటి ప్రశ్న మీ ఫిర్యాదు ఏ శాఖ మీద అని. తెలియకనే కదా వచ్చింది! సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికీ, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదికకూ పీఎఫ్ అర్జీలు పట్టుకొచ్చేవాళ్లుంటారు. కలెక్టరుకు పీఎఫ్ ఆఫీసు మీద అధికారం లేదు. అర్జీకి రసీదు మాత్రం దొరుకుతుంది. ఆ రసీదు చూసుకుని ఎన్ని నెలలు ఎదురుచూస్తారో వాళ్లకే తెలియాలి. ఈ మధ్యలో ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి, మోసగాడికి ఓటీపీ చెప్పి, ఉన్న డబ్బూ పోగొట్టుకునేవాళ్ల సంగతి వేరే.

ఐదు రోజుల బదిలీ నిబంధనను పెన్షన్, బీమా, పీఎఫ్ అర్జీలన్నింటికీ పెట్టాలంటే కేంద్రం, రాష్ట్రాలు మాట్లాడుకోవాలి, సమయం పడుతుంది. అప్పటిదాకా చేయగలిగింది ఇంకోటుంది. జీతాల బిల్లులు చూసే ఆన్‌లైన్ వ్యవస్థలైన ఆంధ్రలో సీఎఫ్‌ఎంఎస్, తెలంగాణలో ఐఎఫ్‌ఎంఐఎస్ నుంచి వచ్చే ప్రతి పే స్లిప్‌లో, పెన్షన్ స్లిప్‌లో ఒక్కో కోత పక్కన ఆ డబ్బు ఎవరి దగ్గరుందో, తేడా వస్తే ఎవరికి రాయాలో ఒక లైను ముద్రించాలి. ఈపీఎఫ్‌ఓ ఎలాగూ చందా జమైనప్పుడు ఎస్‌ఎంఎస్ పంపుతోంది, అందులో సంబంధిత ఆఫీసు పేరు, ఈడీఎల్‌ఐ బీమా ఉందన్న మాట చేర్చాలి. డీఏ బకాయిల మీదా, పీఆర్సీ మీదా ఇచ్చే వినతిపత్రాల్లో ఉద్యోగ, పెన్షనర్ల సంఘాలు ఈ రెండు డిమాండ్లనూ చేర్చవచ్చు. ఖజానా మీద భారం పడుతుందన్న జవాబు వీటికి మాత్రం కుదరదు.