ఏప్రిల్‌లో లేని డబ్బు జూలైలో ఎక్కడిది?

మా సాఫ్ట్‌వేర్ కంపెనీలో, నా టీమ్‌లో నర్సరావుపేట కుర్రాడొకడు ఉండేవాడు. నాలుగేళ్లు చేశాడు. గతేడాది సంక్రాంతికి ఊరెళ్తే, భోగి ముందురాత్రి రెండింటికి బ్యాచ్ జాబ్ (రాత్రిపూట దానంతటదే నడిచే ప్రోగ్రామ్) పడిపోయిందని నేనే ఫోన్ చేశాను. సిగ్నల్ కోసం డాబా ఎక్కి, ఫోన్ హాట్‌స్పాట్ మీద తెల్లారేదాకా కూర్చుని సరిచేశాడు. "ఏం ఉద్యోగంరా ఇది, పండక్కి కూడా" అని వాళ్ల నాన్న కసురుకోవడం నాకు ఫోన్లో వినబడుతూనే ఉంది.

ఏప్రిల్‌లో వాడి పనితీరుకు 3 రేటింగ్, జీతానికి 6 శాతం హైక్. ఆ మాట చెప్పాల్సింది నేనే. బెల్ కర్వ్ సంగతి తెలియనివాళ్ల కోసం: టీమంతా బాగా చేసినా సరే, ఇంతమందికి మించి పై రేటింగ్ ఇవ్వకూడదు, ఎవరో ఒకర్ని కిందికి తోయాల్సిందే. ఆ ఏడు పై రేటింగ్ ఇంకొకడికి వెళ్లింది. ఎందుకంటే ముందటేడు ఆ ఇంకొకడికి ఇవ్వలేదు. ప్రతిభ కూడా వంతులవారీనే మా దగ్గర. "బడ్జెట్ లేదురా, వచ్చే సైకిల్‌లో చూద్దాం" అన్నాను. "సరే అన్నా" అన్నాడు. అక్కడే నాకు అర్థమవ్వాల్సింది. గొడవపడేవాడికి ఇంకా ఆశ ఉన్నట్టు. సరే అన్నవాడు ఆ రాత్రే నౌకరీ వెబ్‌సైట్‌లో ప్రొఫైల్ అప్‌డేట్ చేసుకుంటాడు.

జూలైలో ఓ సోమవారం రాజీనామా మెయిల్ పెట్టాడు. బుధవారానికల్లా పైనుంచి ఫోన్: "30 శాతం దాకా ఇద్దాం, ఎలాగైనా ఆపు." గది బుక్ చేసి కూర్చోబెట్టాను. అంతా విని, టీ కప్పు కాసేపు అటూ ఇటూ తిప్పి, "అన్నా, ఏప్రిల్‌లో లేని డబ్బు ఇప్పుడెక్కడిది?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. పద్నాలుగేళ్ల సర్వీసు నాది. నోరు పెగల్లేదు.

ఆఖరి అస్త్రంగా గ్రాట్యుటీ తీశాను. అయిదేళ్లు నిండితే ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున (నెలకు 26 రోజుల లెక్కన) వస్తుంది కదా, ఇంకో ఏడాది ఆగమన్నాను. వాడి బేసిక్ జీతం 30 వేలు. ఫోన్ తీసి లెక్కేశాడు. "86 వేలన్నా. బయట రెండు నెలల్లో వచ్చే తేడా ఇది."

ఇక రాజీనామా చేశాక ఉండాల్సిన 90 రోజుల నోటీసు పీరియడ్. ఇది పెట్టినవాళ్లు మనుషులు కదలకుండా గొలుసు వేశామనుకున్నారు. జరిగింది తలకిందులు. బయట కంపెనీలేమో నెలలోపు చేరేవాళ్లే కావాలంటాయి. దాంతో కుర్రాళ్లు చేతిలో ఆఫర్ లేకుండానే ముందు రాజీనామా పడేస్తున్నారు. నోటీసులో ఉండగా తీరిగ్గా ఇంటర్వ్యూలిచ్చి, ఒక ఆఫర్ చూపించి ఇంకోటి పెంచుకుంటున్నారు. మావాడు మూడు తెచ్చుకున్నాడు. ఆ మూడు నెలలూ జీతం ఇచ్చింది మేమే.

ఎగ్జిట్ ఇంటర్వ్యూలో కారణం "మంచి అవకాశం" అని రాశాడు. అందరూ అదే రాస్తారు. రిలీవింగ్ లెటర్ ఇంకా కంపెనీవాళ్ల చేతిలో ఉండగా, రేపు కొత్త కంపెనీ నుంచి వెరిఫికేషన్ ఫోన్ కూడా వాళ్లకే వెళ్లేటప్పుడు, నిజం రాసే పిచ్చోడెవడు? ఆ కాగితాలన్నీ పోగేసి హెచ్ఆర్‌వాళ్లు స్లైడ్లు చేస్తారు. ఆ స్లైడ్లలోంచే ఫన్ ఫ్రైడే పుట్టుకొస్తుంది. బెలూన్లు, పిజ్జా, "మనమంతా ఒకే కుటుంబం". కుటుంబంలో ఎవరి జీతం ఎంతో అడిగితే నేరం కాదు, ఆ తేడా ఒక్కటే.

2022 మార్చి త్రైమాసికంలో అట్రిషన్, అంటే ఏడాదిలో ఉద్యోగం మానేసి వెళ్లినవాళ్ల వాటా, టీసీఎస్‌లో 17.4 శాతం, ఇన్ఫోసిస్‌లో 27.7. అప్పుడు జాబ్ మార్కెట్ మంచి వేడి మీద ఉంది. రెండేళ్లకు రెండిట్లోనూ 12 చిల్లరకు దిగింది. ఇలా దిగినప్పుడల్లా మా దగ్గర "మన సంస్కృతి పనిచేస్తోంది" అని మెయిల్ వస్తుంది. అయ్యా, బయట తలుపులు మూసుకుంటే లోపల ఉన్నవాళ్లు ఉండిపోయారు, అంతే. నేనూ అలా ఉన్నవాణ్నే. మియాపూర్ ఫ్లాట్ ఈఎంఐ, ఇద్దరు పిల్లల స్కూలు ఫీజులు. దీనికి పోయినేడు నాకు "లాయల్టీ" అని గాజుముక్క మీద పేరు చెక్కించి ఇచ్చారు. షోకేసులో మా అత్తగారి కొండపల్లి బొమ్మల పక్కన పెట్టాం.

కుర్రాడి స్థానంలో వచ్చినతనికి వాడు అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చారు. నాకంటే కూడా ఎక్కువ. ఎలా తెలిసిందో అడక్కండి. పాపం, అతని తప్పేం లేదు, కానీ మా సిస్టమ్ అర్థం కావడానికే నాలుగు నెలలు పట్టింది. మధ్యలో ఓ రాత్రి అదే బ్యాచ్ జాబ్ మళ్లీ పడింది. ఇద్దరం తల బాదుకుని, చివరికి సిగ్గు విడిచి పాత కుర్రాడికే ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తాడు. "మూడో స్టెప్ నుంచి రీరన్ చెయ్ అన్నా, ముందు లాక్ ఫైల్ తీసెయ్" అన్నాడు. అయిదు నిమిషాల్లో నడిచింది.

మళ్లీ ఏప్రిల్ వచ్చింది. శుక్రవారంలోగా రేటింగులు పంపమని మెయిల్. ఆరుగురిలో ఒకరి పేరు కింద పెట్టాలి. నిన్న సాయంత్రం నుంచి ఆ ఎక్సెల్ తెరిచే ఉంది.