శాలువా గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ శాలువా గారి దివ్యసముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. మేమిక్కడ క్షేమం. తమరు క్షేమమేనని మొన్న ఆదివారం సాయంత్రం కళ్ళారా చూశాను, పద్నాలుగు జతల భుజాల మీద.

మార్చి నెలాఖరు, బెజవాడ. చొక్కాయే బరువనిపించే ఉక్కలో తమరు ఒక్కో పెద్దమనిషి మెడకూ చుట్టుకుంటుంటే, ఆయన మొహాన చిరునవ్వూ చెమటా ఒకేసారి పుట్టుకొచ్చాయి. సంక్రాంతి వెళ్ళాక రగ్గు కూడా అటకెక్కే ఊళ్ళో తమరికి ఏడాది పొడవునా ఇంత గిరాకీ ఏమిటో!

కరపత్రంలో వేసింది ఇంతే: సాయంత్రం 6 గంటలకు వీణ కచేరీ, ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే. తమరి ఊసే లేదు. తీరా వెళితే జ్యోతి ప్రజ్వలన, స్వాగతం, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి. (ఈ నలుగురికీ తేడా చెప్పగలిగినవారికి నా ఖర్చుతో ఇంకో శాలువా.) సంగీతం గురించి మాట్లాడిన ప్రతివాడూ "నాకు సంగీతం తెలియదు కానీ" అని మొదలుపెట్టి, పావుగంటసేపు ఆ సంగతి రుజువు చేశాడు. మైకు కూత పెట్టింది. పులిహోర పొట్లాలు ముందే పంచారు, కాబట్టి ఆ కాగితాల చప్పుడు కూడా విన్నాం. ఇవన్నీ మామూలే, వదిలేస్తాను.

వదలలేనిది తానం.

డెబ్బై ఎనిమిదేళ్ళ మా అమ్మను, మోకాళ్ళ నొప్పులతో ఆటో ఎక్కించి తీసుకొచ్చింది అందుకే. చిన్నప్పుడు నాలుగేళ్ళు వీణ నేర్చుకున్న మనిషి. "పాట ఎవరైనా పాడతారు, వీణ మీద తానమే వినాలిరా" అంటుంది. ఆలాపన అయ్యాక, పాట ఎత్తుకోకముందు వాయించేది అది. మృదంగం ఊరుకుంటుంది. తాళం ఉండదు, నడక మాత్రం ఉంటుంది. కుడిచేతి చిటికెనవేలు పక్కనున్న మూడు తాళపు తీగల్ని మీటుతుంటే, రాగం మంద్రంలోంచి అడుగులో అడుగు వేసుకుంటూ పైకొస్తుంది.

ఆ కళాకారిణి ఆరు గంటలకే శ్రుతి చేసుకుని, బొబ్బిలి ఏకాండి వీణను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒకే పనసదుంగను తొలిచి చేసిన వాయిద్యం. ఉపన్యాసాలు సాగేకొద్దీ వేదిక దీపాల వేడికి శ్రుతి జారుతూనే ఉంది, ఆమె మూడుసార్లు సవరించుకుంది. ఇరవై నాలుగు మెట్లూ నిలబడేది మైనం మీద. ఇంకో ఆత్మీయ అతిథి లేచి ఉంటే అవి కూడా కరిగేవేమో. ఏడూ నలభైకి వర్ణం మొదలైంది. తర్వాత భైరవి రాగం ఆలాపన ఎత్తుకుంది. పావుగంటలో హాలంతా సద్దుమణిగింది, పొట్లాలతో సహా. తారస్థాయి షడ్జం మీద నిలబడి, నెమ్మదిగా దిగి ఆగింది. అమ్మ నా మణికట్టు పట్టుకుని, "ఇదిగో, ఇప్పుడు" అంది.

ఇప్పుడు కార్యదర్శి గారు మైకు పట్టుకుని వేదికెక్కారు. "ఒక్క రెండు నిమిషాలు. ముఖ్య అతిథి గారికి ఇంకో కార్యక్రమం ఉంది."

అప్పుడొచ్చారు తమరు, జరీ అంచుతో, ప్లాస్టిక్ కవరు కూడా తియ్యకుండా. లేవబోతే వీణ, లేవకపోతే మర్యాద. పాపం ఆమె కూర్చునే మెడ వంచింది. తమరి కొస వచ్చి, తీగ బిగించే బిరడాకు చిక్కుకుంది. ఎవరో లాగారు. సాయంత్రమంతా కాపాడుకొచ్చిన శ్రుతి కాస్తా పోయింది. "అమ్మా, ఇటు చూడండి" అని ఫోటో. జ్ఞాపిక. మళ్ళీ ఫోటో. ఆ రెండు నిమిషాలూ ఇరవై రెండు అయ్యేసరికి వాచ్‌మన్ తాళాలగుత్తి ఆడిస్తూ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఓ చిన్న కీర్తన, మంగళం.

చూడు శాలువా, ఇక తమరూ లేదు, గిమరూ లేదు. వాయించేదాన్ని వాయించనివ్వకుండా కప్పే గుడ్డని సన్మానం అనరు, నోరు నొక్కడం అంటారు. మద్రాసు జార్జిటౌనులో వెనకటితరం మహా విద్వాంసురాలు వీణ ధనమ్మాళ్ ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు ఆవిడ గోళ్ళతో మీటుతుంటే, ఉద్దండులైన విద్వాంసులు చప్పుడు చెయ్యకుండా కూర్చుని విన్నారు. ఆ గదిలోకి నువ్వు "ఒక్క రెండు నిమిషాలు" అంటూ వెళ్ళి చూడాల్సింది!

బయటికొస్తూ కార్యదర్శి గారిని అడిగాను. "ఉచితమే కదండీ" అన్నారు. టిక్కెట్టు లేదు కాబట్టి అడిగే హక్కూ లేదట. ఆటోకి రానూపోనూ రెండొందల నలభై అయింది, అది చెప్పలేదు.

ఇంటికొచ్చాక అమ్మ అన్నం తినలేదు. మూలనున్న తన వీణ దగ్గరికి వెళ్ళింది. దాని గవిసెన ఎప్పుడో చిరిగిపోయింది. ఆ వీణ మీద పన్నెండేళ్ళుగా కప్పి ఉన్నది నీ జాతిదే, నాన్న పంతులుగా రిటైరైన రోజు స్కూల్లో కప్పిన మెరూన్‌ రంగుది. అంచుకి పిన్నీసు ఇప్పటికీ ఉంది. దాన్ని తీసి, నాలుగు మడతలు వేసి, మోకాలి కింద పెట్టుకుంది. ఒక తీగ లేదు. ఉన్నవాటితోనే భైరవిలో తానం ఎత్తుకుంది. వేళ్ళు తడబడ్డాయి, రెండు నిమిషాలకే ఆగిపోయింది.

మళ్ళీ నిన్నే కప్పింది, దుమ్ము పడకుండా. అందుకని నిన్ను తగలబెట్టమని రాయడం లేదు. మంగళం అయ్యాక రా. అంతే.

ఇట్లు,
మూడో వరస, గోడ పక్క కుర్చీ