సంతకానికి ముందే లాయరు

కువైట్ నుంచి, దుబాయ్ నుంచి వచ్చి చెన్నై విమానాశ్రయంలో దిగేవాళ్లలో నెల్లూరు, తిరుపతి, చిత్తూరు, కడప జిల్లాల వాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఏళ్ల తరబడి పరాయి ఇళ్లలో వంటపని చేసి, దాచుకున్న డబ్బుతో చేతికి రెండు గాజులు చేయించుకుని వచ్చే ఆడవాళ్లూ ఉంటారు. కస్టమ్స్ అధికారి "పక్కకు రండి" అన్నాక వాళ్లు వెళ్లే గదిలోకి లాయరు రాడు. కారు మాట్లాడుకుని బయట ఎదురుచూస్తున్న అన్నకో భర్తకో లోపల ఏం జరుగుతోందో తెలియదు. తెలుగు తప్ప మరో భాష రాని మనిషిని అడిగేది తమిళంలోనో హిందీలోనో అయితే, రాసేది ఇంగ్లిషులో అయితే, కింద పెట్టే సంతకం మాత్రం ఆమెది.

ఆ సంతకం మామూలుది కాదు. కస్టమ్స్ చట్టం, 1962లోని 108వ సెక్షన్ కింద ఇచ్చిన వాంగ్మూలాన్ని కోర్టులో సాక్ష్యంగా వాడుకోవచ్చు. పోలీసు ముందు నేరం ఒప్పుకుంటే చెల్లదు. కస్టమ్స్ అధికారి పోలీసు కాదు కాబట్టి ఆయన ముందు ఒప్పుకుంటే చెల్లుతుంది! ఇంత బలమున్న కాగితం తయారయ్యే సమయంలోనే ప్రయాణికుడు ఒంటరి. విచారణకు పిలిచిన మనిషి ఇంకా నిందితుడు కాడనీ, లాయరును పక్కన ఉంచుకునే హక్కు అతనికి లేదనీ 1992లో పూల్‌పాండి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అరెస్టయితే రాజ్యాంగంలోని 22వ అధికరణ అండగా ఉంటుంది: కారణం చెప్పాలి, నచ్చిన న్యాయవాదిని కలవనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. కానీ అరెస్టు మెమో రాసేసరికి వాంగ్మూలం పూర్తయిపోయి ఉంటుంది. మా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే.

కోర్టులు చూస్తూ ఊరుకున్నాయని అనలేం. కాగితం మీద రాసిన టైముతో సంబంధం లేదు, మనిషిని కదలనివ్వకుండా ఆపిన క్షణం నుంచే అరెస్టు లెక్క అని 1990లోనే బొంబాయి హైకోర్టు ఒక కస్టమ్స్ కేసులో చెప్పింది. విచారణ జరుగుతుంటే కనిపించేంత దూరంలో, మాట వినపడని చోట న్యాయవాది కూర్చోవచ్చని 2012లో సుప్రీంకోర్టు ఒక కేసులో అనుమతించింది. మాదకద్రవ్యాల చట్టం కింద అధికారుల ముందు ఇచ్చే ఒప్పుకోలు చెల్లదని 2020లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అది తమిళనాడు నుంచి వెళ్లిన తూఫాన్ సింగ్ కేసే. అరెస్టయినవారికి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (2024 జులై దాకా అమల్లో ఉన్న నేర విచారణ పద్ధతి చట్టం) ఇచ్చిన రక్షణలు కస్టమ్స్ అరెస్టులకూ వర్తిస్తాయని 2025 ఫిబ్రవరిలో రాధికా అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది నవంబరులో, అరెస్టు కారణాలను ఆ మనిషికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలని కూడా ఆదేశించింది. ఇందులో ఎక్కువ భాగం అరెస్టు తర్వాతి మేలే. అంతకు ముందు లాయరు కావాలంటే కోర్టుకెళ్లి అడగాలి. అర్ధరాత్రి విమానం దిగిన మనిషి ఏ కోర్టు తలుపు తడుతుంది?

ఒంటరిగా ఉన్న మనిషి చేత ఏం రాయించుకోవచ్చో ఢిల్లీ హైకోర్టు 2025లో బయటపెట్టింది. "నాకు షోకాజ్ నోటీసు అక్కర్లేదు, హియరింగ్ అక్కర్లేదు" అని ముందే అచ్చువేసి ఉంచిన ఫారాల మీద ప్రయాణికుల సంతకాలు తీసుకోవడం చెల్లదంది. నోటీసు లేకుండా సరుకు జప్తు చేయకూడదని చట్టంలోని 124వ సెక్షన్ చెబుతోంది. ఆ సంగతి తెలిసినవాళ్లు ఒక్కరు పక్కన ఉన్నా ఆ సంతకం పడేది కాదు. చెన్నైలోనే, శ్రీలంక నుంచి వచ్చిన ఒక కొత్త పెళ్లికూతురి తాళిగొలుసును తీసుకోవడాన్ని మద్రాసు హైకోర్టు 2025లో తప్పుపట్టి, తిరిగి ఇమ్మంది. అంతవరకు ఆమె ఏడాదికి పైగా ఎదురుచూడాల్సి వచ్చింది.

బంగారం దొంగరవాణా లేదని మేం అనడం లేదు. పేస్టుగా మార్చి, ఒంట్లో దాచి తెచ్చేవాళ్లు దొరుకుతూనే ఉన్నారు. కానీ పట్టుబడేది ఎక్కువగా టికెట్టుకూ కొద్దిపాటి డబ్బుకూ ఆశపడిన బీదవాళ్లు. తెప్పించుకున్న పెద్దమనిషి ఎక్కడో క్షేమంగా ఉంటాడు. లాయరు ఉన్నంత మాత్రాన తనిఖీ ఆగదు, స్కానర్ ఆగదు, దొరికిన బంగారం మాయం కాదు.

మన పిల్లలు అమెరికా వెళ్లినప్పుడు ఇదే బాధ మనకు బాగా అర్థమవుతుంది. 2023 ఆగస్టులో 21 మంది భారతీయ విద్యార్థులను అక్కడి విమానాశ్రయాల నుంచి తిప్పి పంపితే, తెలుగు ఇళ్లలో ఎంత టెన్షన్! పక్కకు తీసుకెళ్లి చేసే రెండో విడత తనిఖీలో కూడా లాయరు హక్కు లేదని అక్కడి నిబంధన. నేర విచారణ కోసం కస్టడీలోకి తీసుకుంటేనే ఆ హక్కు. కెనడా సుప్రీంకోర్టు మాత్రం, సరిహద్దులో బట్టలు విప్పించి వెతకాలంటే అది నిర్బంధమేననీ, లాయరును సంప్రదించే హక్కు అప్పుడే మొదలవుతుందనీ 1988లోనే చెప్పింది. మనం అనుసరించాల్సింది దీన్నే.

ఇందుకు పార్లమెంటు దాకా వెళ్లనక్కర్లేదు. కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు ఒక సర్క్యులర్ ఇస్తే చాలు: ఆపిన టైము రాయాలి, ఇంటికి ఒక ఫోన్ చేసుకోనివ్వాలి, అడిగితే 108వ సెక్షన్ విచారణలో లాయరును కనుచూపు మేరలో కూర్చోనివ్వాలి, వాంగ్మూలాన్ని తెలిసిన భాషలో చదివి వినిపించి నకలు ఇవ్వాలి. సోదాకు ముందు గెజిటెడ్ అధికారి దగ్గరికో మేజిస్ట్రేటు దగ్గరికో తీసుకెళ్లమని అడిగే హక్కు 102వ సెక్షన్‌లో ఇప్పటికే ఉంది; ఆ మాట అధికారే ముందుగా చెప్పాలి. ఆడవాళ్లకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం అందాలని 1987 నాటి చట్టం చెబుతోంది. దానికి 15100 నంబరు కూడా ఉంది. తమిళనాడు రాష్ట్ర న్యాయసేవల సంస్థ విమానాశ్రయానికి ప్యానెల్ న్యాయవాదులను వంతులవారీగా కేటాయించాలి. మద్రాసు హైకోర్టులో తెలుగు తెలిసిన న్యాయవాదులకు కొదవ లేదు. రాత్రి డ్యూటీలో ఉన్నవారి పేరు, ఫోన్ నంబరు కస్టమ్స్ హాల్లో తెలుగులోనూ రాసి పెట్టాలి.