సగటు వర్షపాతం గారికి, అనంతపురం జిల్లా నుంచి

అయ్యా సగటు వర్షపాతం గారూ,

మీరు మమ్మల్ని ఎరగరు గానీ మేం మిమ్మల్ని బాగా ఎరుగుదుం. మా జిల్లా నొసట ఏడాదికి 550 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా, రాసిపెట్టిన పెద్దమనిషి మీరే కదా! నైరుతి మబ్బుల్ని పడమటి కనుమలు అవతలే పిండేసుకుంటాయి. బంగాళాఖాతం వాయుగుండాలు కోస్తాకు పోయగా మిగిలితే ఇటు చూస్తాయి. జూలై, ఆగస్టుల్లో మా వంతుకు వచ్చేది గాలి. నెత్తిమీద మబ్బులు పరిగెడుతుంటే రామగిరి గుట్టల మీద గాలిమరలు గిరగిరా తిరుగుతాయి. కరెంటు పుడుతుంది, శనక్కాయ చస్తుంది.

అసలు మీ తరఫున వచ్చే ఆ ఉరుముల వాన ఉంది చూశారూ, దాని దర్జాయే వేరు. పొద్దంతా ఎర్రనేల కాగి కాగి, సాయంత్రానికి పడమట క్యుములోనింబస్ మేఘం లేస్తుంది. ముందు దుమ్ము. తర్వాత రేకుల మీద పెట్టిన రాళ్లు కదులుతాయి. ఈలోగా ఫోన్లో సందేశం: పిడుగులు పడొచ్చు, చెట్ల కింద ఉండొద్దు. గొర్రెలు కాసేవాడికి ఆ బయల్లో ఉన్నదే ఒక్క వేపచెట్టు! అవ్వలు ‘అర్జునా, ఫల్గుణా’ అనుకుంటూ పశువుల్ని విప్పుకొస్తారు. తమాషా ఏమిటంటే, వానలు రాకుంటే మేం చదివించేది విరాటపర్వం. అర్జునుడు ఉత్తరుడికి తన పది పేర్లు చెప్పేదీ అందులోనే. మిమ్మల్ని రప్పించడానికీ, వచ్చాక ప్రాణాలు దక్కించుకోవడానికీ మాకు ఒకటే పుస్తకం.

ఇంత చేసి ఆ వాన చెరువుకట్ట అవతలే ఆగిపోతుంది. పక్కూళ్లో వంక పారుతుంది, మాకు మట్టివాసన వస్తుంది. మండల కేంద్రంలో వర్షమాపకం తడిసిందా, మా చేలు కూడా తడిసినట్టే! రోజులో 2.5 మిల్లీమీటర్లు పడితే మీ భాషలో అది ‘వర్షపు దినం’. ఆ గాలికి, ఆ నేలకు, దాంతో దుమ్ము కూడా అణగదు స్వామీ. ఇక 19 శాతం తగ్గినా, 19 శాతం పెరిగినా మీకు ‘సాధారణమే’. మీ ఓర్పు మాకు లేదు.

జూలైలో పదును చూసి శనక్కాయ విత్తుతాం. పూత నుంచి ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే వేళకు నేల బిగుసుకుపోతుంది. చెట్టు పైకెత్తి చూస్తే ఊడలు మట్టిలోకి దిగే దారి లేక, కొనలు నల్లబడి గాల్లోనే వేలాడుతుంటాయి. అప్పుడు మీరు కనపడరు. అక్టోబరులో ఉన్న నాలుగు కాయలతోనే చెట్లు పీకి, ఆ కట్టె కుప్ప వేసిన రాత్రి మాత్రం కుండపోత. కాయ కుప్పలోనే మొలకెత్తుతుంది. బూజు పట్టిన కట్టె చూసి ఎద్దులు మూతి తిప్పుకుంటాయి. కానీ తెల్లారేసరికి మీ లోటు పూడిపోయి ఉంటుంది! 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. కరువు జిల్లా అన్న పేరు మాత్రం ఆ నీళ్లలో కొట్టుకుపోలేదు.

మీవల్ల బాగుపడే ఆశ ఉన్నవాళ్లు లేకపోలేదు. తొలకరి పడగానే మా వజ్రకరూరు, పక్క జిల్లా జొన్నగిరి చేలల్లో వజ్రాలు ఏరుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో జనం దిగుతారు. మా పైమట్టి కొట్టుకుపోతేనే కదా రాళ్లు తేలేది. విత్తనాల కోసం వంగినవాడికంటే వజ్రాల కోసం వంగినవాడికే ఆశ ఎక్కువ.

ఒక్క మనవి. మీ లెక్కలు రాసే దొరలకు కూడా మీ పద్ధతిలోనే జీతాలు ఇప్పించండి. పదకొండు నెలలు పైసా రాల్చకండి. దీపావళి ముందురోజు రాత్రి, మొత్తం చిల్లర నాణేలుగా, నిద్రపోతున్నవాళ్ల మీద కుమ్మరించండి. పొద్దున్నే గోడకు నోటీసు అంటించండి: ‘ఈ ఏడు సగటు జీతం సాధారణం’. కింద వాళ్ల చేతే సంతకం పెట్టించుకోండి.

ఇట్లు,
మీ లెక్కలో సుభిక్షంగా ఉన్న
ఒక మెట్ట రైతు