గోడ ఎక్కాక ఫొటో ఎందుకు మారిపోతుంది?

ఫోన్ తెరకు సొంత వెలుగు ఉంటుంది, కాగితానికి ఉండదు. తన మీద పడిన వెలుతురులో ప్రింట్ కొంత మింగేసి, మిగిలింది మన కంటికి పంపుతుంది. అందుకే ఏ వెలుతురులో చూస్తారో తేల్చుకోకుండా వేసిన ప్రింట్ సగం పనే అని నా అభిప్రాయం.

ఇది నాకు ఒక ఫొటో నేర్పింది. చీకటి గదిలో నల్ల శాలువా కప్పుకుని కూర్చున్న పెద్దావిడ. ప్రింట్ తీసిన చోట, బల్ల మీది దీపం కింద శాలువా మడతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగాను. అదే ప్రింట్‌ను గోడకు తగిలించి సాయంత్రం చూస్తే, శాలువా మొత్తం ఒకే నల్ల ముద్ద.

ప్రింట్లను నిశితంగా పోల్చి చూడటానికి ఐఎస్‌ఓ 3664 అనే అంతర్జాతీయ ప్రమాణం చెప్పే వెలుతురు 2000 లక్స్ (లక్స్ అంటే ఒక చోట పడే వెలుతురుకు కొలత). రాత్రిపూట ఇంటి గోడ మీద పడేది అందులో చాలా చిన్న భాగం. మ్యూజియంలైతే రంగులు వెలిసిపోకుండా, సున్నితమైన ఫొటోలకు 50 లక్స్ దగ్గరే ఆపేస్తాయి. వెలుతురు తగ్గితే ముందు పోయేది నీడల్లోని వివరాలే.

దానికి తోడు అద్దం. గ్లాసీ పేపర్ మీద మంచి నలుపు, తన మీద పడిన వెలుతురులో ఒక శాతం కూడా వెనక్కి పంపదు. మామూలు ఫ్రేమ్ అద్దం ఎదురుగా ఉన్నవాటి వెలుగులో 8 శాతం దాకా తిప్పికొడుతుంది. ఇక ఆ నలుపులో శాలువా ఎక్కడ కనిపిస్తుంది? ఎదురు కిటికీ, మన ముఖమే కనిపిస్తాయి. ఫొటోకు ఎదురుగా ఏముందో చూసుకోకుండా మేకు కొట్టకూడదు. లైటు కూడా ఎదురుగా కాకుండా పైనుంచి, నిలువు గీతకు 30 డిగ్రీల వాలులో పడితే మెరుపు కళ్లలోకి కాకుండా కిందికి జారిపోతుంది.

తెలుపుదీ ఇదే తంతు. కొన్ని పేపర్లలో కలిపే బ్రైట్‌నర్లు అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలి వెలుగుగా వదులుతాయి. కిటికీ పక్కన ఆ పేపర్ మల్లెపువ్వులా ఉంటుంది. ఆ కిరణాలను ఆపే అద్దం వెనక పెడితే పసుపు ఛాయ తేలుతుంది. మంచు, పొగమంచు ఫొటోలకు ఇది పెద్ద దెబ్బ.

ప్రమాణం ప్రకారం ప్రింట్ వేసి ఇచ్చేస్తే చాలు, గోడ సంగతి కొన్నవాళ్లు చూసుకుంటారని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. చిన్న ముక్క ప్రింట్ తీసి, వేలాడదీసే చోటే అంటించి, పగలూ రాత్రీ చూడటానికి ఒక్క రోజు చాలు.

ఆ పెద్దావిడ ఫొటోను నీడలు కాస్త తేల్చి మళ్లీ వేశాను. బల్ల దీపం కింద అది వెలిసినట్టు ఉంటుంది. గోడ మీద, సాయంత్రం ఏడింటికి, మడతలన్నీ ఉన్నాయి. ప్రింట్ వెనక పెన్సిల్‌తో ఏ బల్బో, ఎంత ఎత్తులోనో రాసిపెట్టాను.