మూత తీసిన డీఎక్స్7

జపాన్ సంస్థ యమహా 1983లో డీఎక్స్7 అనే కీబోర్డును విడుదల చేశాక, ఆ దశాబ్దపు పాప్ సంగీతంలో గంటలా ఖంగుమనే ఒక ఎలక్ట్రిక్ పియానో ధ్వని ఎక్కడ చూసినా వినిపించసాగింది. ఆ ధ్వనిని ఈరోజు డెక్సెడ్ అనే సాఫ్ట్‌వేర్ సింథసైజర్ (ధ్వనులను లెక్కలతో పుట్టించే ప్రోగ్రాం) ద్వారా ఎవరైనా పైసా చెల్లించకుండా తమ కంప్యూటర్‌లో పలికించవచ్చు. దీన్ని పాతదనం మీద మోజుగా కొట్టిపారేసేవారు లేకపోలేదు. నా మట్టుకు దీని విలువ వేరే చోట ఉంది: అసలు యంత్రం తన దగ్గరే దాచిపెట్టుకున్న విద్యను ఈ సాఫ్ట్‌వేర్ వాడుకరి కళ్ల ముందు పరిచింది.

ఆ విద్యను ఎఫ్ఎం (ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్) సింథసిస్ అంటారు, అంటే ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని ఊపి ధ్వని పుట్టించడం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ 1967లో దీన్ని కనుగొన్నారు. స్వరాన్ని కంపిత గమకంలా ఊపుతూ, ఆ ఊపును సెకనుకు ఐదారు సార్ల నుంచి వందల సార్లకు పెంచుకుంటూ పోతే, ఒక దశ దాటాక చెవికి ఊపు వినిపించడం మానేసి, కొత్త నాదం వినిపిస్తుంది. ఊపే తరంగానికీ ఊగే తరంగానికీ మధ్య వేగాల నిష్పత్తి సరళమైన పూర్ణసంఖ్యల్లో ఉంటే ఆ నాదం శ్రుతిబద్ధంగా ఉంటుంది. లేకపోతే గంట మోతలానో రేకు చప్పుడులానో మారుతుంది. డీఎక్స్7లో ఇలాంటి తరంగాలు ఒక్కో స్వరానికి ఆరు, వాటిని కలిపే అమరికలు 32, ఏకకాలంలో పలికే స్వరాలు 16. అంటే ప్రతి సెకనుకూ దాదాపు 49 వేల సార్లు 96 తరంగాల లెక్క తేలాలి. నాటి చిప్‌లకు అన్ని గుణకారాలు తలకు మించిన పని కనుక, యమహా ఇంజనీర్లు సంవర్గమాన (లాగరిథమ్) పట్టికలను చిప్‌లోనే పొదిగి, గుణకారాన్ని కూడికగా మార్చేశారు. ఎక్కాల పుస్తకం దగ్గర పెట్టుకుని లెక్క చేసినట్టన్నమాట. పాత చిప్‌లను శోధించే కెన్ షిరిఫ్ 2021లో ఆ చిప్‌ను సూక్ష్మదర్శిని కింద చదివి ఈ పనితీరును వివరించారు.

ఇంత లోతైన యంత్రానికి యమహా ఇచ్చిన కిటికీ మాత్రం రెండు వరుసల చిన్న తెర. ఒకసారికి ఒక్క విలువే కనిపించేది. మార్చాలంటే రేకు మీద అంటించినట్టుండే మీటలు నొక్కుతూ కూర్చోవాలి. అందుకే కొన్నవారిలో ఎక్కువమంది కంపెనీ ఇచ్చిన ధ్వనులతోనే సరిపెట్టుకున్నారు, ఒకే పియానో అన్ని పాటల్లోనూ మోగింది. డెక్సెడ్‌లో ఆరు తరంగాలూ, వాటి నిష్పత్తులూ, అవి పెరిగి తరిగే గీతలూ ఒకే తెర మీద కనిపిస్తాయి.

మనం ఉచితం అనే మాటకూ స్వేచ్ఛ అనే మాటకూ తేడా పాటిస్తాం. ఇక్కడ రెండోదే ముఖ్యం. గూగుల్‌లో ఆండ్రాయిడ్ కోసం రాఫ్ లెవియెన్ రాసిన సింథసైజర్ కోడ్ బహిరంగంగా ఉండబట్టే దాని మీద డెక్సెడ్‌ను కట్టడం సాధ్యమైంది. డెక్సెడ్ సైతం జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చింది కనుక దాని కోడ్‌ను చదవవచ్చు, మార్చవచ్చు. ఒకప్పుడు స్టాన్‌ఫర్డ్ పేటెంటు కింద యమహా చేతిలో ఉన్న పద్ధతి, 1990ల మధ్యలో ఆ పేటెంటు గడువు తీరాక, ఇలా అందరి సొత్తయింది. పాత యంత్రం ఫైళ్లను కూడా ఇది నేరుగా చదువుతుంది: 32 ధ్వనులకు 4096 బైట్లు, అంతే. నలభై ఏళ్ల కిందట ఎవరో ఓపికగా మలిచిన ధ్వని అక్షరం పొల్లుపోకుండా తెరుచుకుంటుంది, వాద్యాలనూ కంప్యూటర్లనూ కలిపే మిడి తీగ తగిలిస్తే అసలు డీఎక్స్7లోకి తిరిగి చేరుతుంది కూడా.

ఇక అచ్చం పాత ధ్వనేనా అన్న వాదన. అంకెలను ధ్వనిగా మార్చడానికి డీఎక్స్7 12 బిట్లనే వాడేది. ఆ గరుకుదనం కొంతవరకు దాని స్వభావమే. డెక్సెడ్‌లో శుభ్రమైన ఆధునిక గణనతో పాటు పాత పద్ధతికి దగ్గరగా వెళ్లే మార్గమూ ఉంది. నాకు గరుకుదే నచ్చుతుంది. అయితే నేర్చుకునేవారికి ఈ తగాదాతో పనిలేదు.

వారిని నిజంగా దెబ్బతీసేది వేరే అలవాటు: వేల ధ్వనులను దించుకుని ఒక్కటీ విప్పి చూడకపోవడం. యమహా తొలి ధ్వనుల్లోని ఈ.పియానో 1ను తెరిచి చూడండి. అది 32 అమరికల్లో ఐదోదాన్ని వాడుతుంది, అందులో తరంగాలు మూడు జంటలుగా ఉంటాయి. రెండో తరంగం మూలస్వరానికి 14 రెట్ల వేగంతో మొదటిదాన్ని ఊపుతుంది. ఆ రెండోదాన్ని ఒక్క నొక్కుతో ఆపి, స్వరపు మీట నొక్కితే ఖంగుమనే మోత మాయమై, కింద మెత్తని పియానో ఒక్కటే మిగులుతుంది.