పెద్ద వై పేచీ: డిఫాల్ట్ ఎవరి కోసం?

అక్షరాల కీలే ఆదేశాలుగా పనిచేసే విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌ను వాడేవారికి పెద్ద వై (క్యాపిటల్ Y) గొడవ కొత్తేమీ కాదు. పెద్ద డి నొక్కితే కర్సర్ ఉన్న చోటి నుంచి లైను చివరి దాకా చెరిగిపోతుంది. పెద్ద సి నొక్కితే అంతే భాగం చెరిగి, అక్కడ కొత్తది రాసుకోవచ్చు. పెద్ద వై మాత్రం లైను మొత్తాన్నీ కాపీ చేస్తుంది. విమ్ నుంచి చీలి వచ్చిన నియోవిమ్ ఎడిటర్, 2021 నవంబరులో వచ్చిన 0.6 వెర్షన్‌లో ఈ పొంతనలేనితనాన్ని సరిచేసి, వై కూడా లైను చివరి దాకానే కాపీ చేసేలా డిఫాల్ట్‌ను, అంటే ముందే అమర్చి ఇచ్చే తీరును, మార్చింది. విమ్ పాత దారినే పట్టుకుని ఉంది. ఈ తగవులో న్యాయం నియోవిమ్ పక్షానే ఉంది.

లైను చివరి దాకా కాపీ చేయడమే తర్కానికి నిలుస్తుందని, కాకపోతే అది విమ్‌కు మూలమైన పాత వీఐ ఎడిటర్‌తో పొసగదని విమ్ సహాయ పత్రమే ఒప్పుకుని, కావలసినవారు పెట్టుకోవడానికి ఒక మ్యాపింగ్‌ను (కీ చేసే పనిని మార్చే సెట్టింగును) కూడా సూచిస్తుంది. లోపం తెలిసీ దిద్దుబాటు భారాన్ని వాడుకరి నెత్తిన పెట్టడం ఇది. పైగా చిన్న వై రెండుసార్లు నొక్కితే లైను మొత్తం ఎలాగూ కాపీ అవుతుంది కనుక, పాత డిఫాల్ట్ వల్ల ఒక పనికి రెండు దారులు ఏర్పడి, పక్క పనికి పొట్టిదారే లేకుండా పోయింది.

ఏళ్ల తరబడి వేళ్లకు పట్టిన అలవాటును కదిలించకూడదని పాతవారు అంటారు. యూనిక్స్ తరహా వ్యవస్థలకు ఉమ్మడి నియమాలైన పాజిక్స్ ప్రమాణంలోనూ వై అంటే పూర్తి లైనే; ఎక్కడో ఉన్న సర్వర్‌లోకి లాగిన్ అయితే పాత ఎడిటరే ఎదురుకావచ్చు. ఇబ్బంది నిజమే, కానీ ఈ మాట అనేవారికి సెట్టింగుల ఫైలు ఎక్కడుందో తెలుసు, అందులో ఒక్క లైను రాస్తే పాత వై తిరిగి వస్తుంది.

అసలు చిక్కు, ఇలాంటి తగవుల్లో ఎవరి గొంతు వినిపిస్తుందన్నది. పాత పద్ధతికి అలవాటుపడి నిలిచినవారే చర్చకు వస్తారు. విసిగి మరో ఎడిటర్‌కు వెళ్లిపోయినవారు ఫిర్యాదు చేయడానికి వెనక్కి రారు. అందుకే చేతులెత్తించి లెక్కపెడితే ఎప్పుడూ పాతదే గెలుస్తుంది. డిఫాల్ట్‌ను మార్చుకోవడం తెలిసినవారికి అది ఏదైనా ఒకటే. అది మార్చుకోదగినదని కూడా తెలియని కొత్తవారికి అదే ఎడిటర్. కాబట్టి తీర్పు వారిని చూసి చెప్పాలి.

పాతదంతా పోవాలని నా వాదన కాదు. బిల్ జాయ్ వీఐని రాసిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో బాణం గుర్తులు హెచ్, జె, కె, ఎల్ కీల మీదే ఉండేవి. ఆ యంత్రం పోయినా, చేయి కదపకుండా వేళ్లకు అందుతాయి కనుక ఆ కీలు తమ స్థానాన్ని ఇప్పటికీ నిలబెట్టుకుంటున్నాయి. అదే కీబోర్డులో ఇప్పటి ట్యాబ్ చోట ఉండిన ఎస్కేప్ మాత్రం మూలకు జరిగిపోయి, నేటికీ చిటికెన వేలిని సాగదీయిస్తోంది. ఎంపిక చేసిన భాగం తెరపై ప్రత్యేకంగా కనిపించడమన్న సాధారణ సౌకర్యం సైతం ఈమ్యాక్స్ అనే మరో పాత ఎడిటర్‌లో డిఫాల్ట్ కావడానికి 2009లో వచ్చిన 23వ వెర్షన్ దాకా ఆగవలసి వచ్చింది. అది గిట్టనివారు ఆపేసుకునే వీలు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.